రాళ్ళ ఆఫీసరుగారి నారు

మానవజాతి చరిత్రలో వేళ్ళు చేసిన పనులు తక్కువేమీ కాదు. కొన్ని వేళ్ళు పటాల మీద సరిహద్దులు గీశాయి. కొన్ని సింహాసనాలవైపు చూపించాయి. కొన్ని ఎదుటివాడి ముక్కు ముందు ఆడి, యుద్ధాలు తెచ్చిపెట్టాయి. ఈ వరుసలో చేరవలసి ఉండి, చరిత్రకారుల అశ్రద్ధవల్ల చేరకుండా పోయిన వేలు ఒకటుంది. అది తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేసే ఒకాయన కుడిచేతి చూపుడువేలు.

చలికాలం చివర్లో, రోజూ పొద్దున్నే, ఇంకా మొహమైనా కడుక్కోకముందే, ఆ వేలు ముందుగదిలోకి వచ్చేది. కిటికీ పక్కన బల్ల మీదున్న నారు ట్రేలోకి వంగి, మట్టిలోకి మొదటి కణుపుదాకా దిగి, అక్కడ కాసేపు ఆలోచించి, పైకి వచ్చేది. వేలు వెనకాల ఉన్న మనిషి దాన్ని కళ్ళజోడు దగ్గరగా పెట్టుకుని చూసి, "ఊఁ" అనేవాడు. ఆ "ఊఁ"కి అర్థం తడి ఉందనా, లేదనా, చాలదనా అనేది ఇంట్లో ఎవరికీ తెలియదు. నిజం చెప్పాలంటే ఆయనకీ తెలియదు. కానీ వేలు పెట్టాక ఏమీ అనకుండా ఊరుకుంటే తనిఖీ అసంపూర్ణంగా మిగిలిపోయినట్టు ఉంటుంది కదా.

"ఏవండీ, ఆ మట్టి ఎక్కడికీ పారిపోదు. ముందు మొహం కడుక్కోండి," అనేది భార్య వంటింట్లోంచి.

"పోనీలేవే," అనేది అత్తగారు, దుప్పటి కప్పుకుని పొయ్యి పక్కన కూర్చుని. "కొందరికి పేపరు చదివితేగానీ తెల్లవారదు. అల్లుడుగారికి మట్టి చదివితేగానీ తెల్లవారదు."

బజారులో ఆయన్ని రాళ్ళ ఆఫీసరు అంటారు. దుకాణాల్లో తూకపు రాళ్ళు సరిగా ఉన్నాయో లేదో చూడటం ఆయన ఉద్యోగం. చంకలో ఒక మఖమల్ పెట్టె, అందులో ఇత్తడి రాళ్ళు, వాటిని పట్టుకోవడానికి ఒక చిమటా, తుడవడానికి మెత్తని తోలుగుడ్డ. ఆ రాళ్ళను వేలితో తాకకూడదు. తాకితే చేతి జిడ్డు అంటుకుని బరువు మారిపోతుందట. బజారు మొదట్లో ఆయన కనిపిస్తే చివరి దుకాణందాకా దగ్గు ఒకటి నోటినుంచి నోటికి ప్రయాణం చేసేది. ఆ దగ్గు తన గౌరవార్థమేనని ఆయనకు తెలుసు. లోలోపల కాస్త గర్వంగానే ఉండేది.

ఇంత కచ్చితమైన మనిషి తోటపనిలోకి ఎందుకు దిగినట్టు? ఎవరూ అడగలేదు గానీ, ఆయనే అప్పుడప్పుడు అడుక్కునేవాడు. జీవితమంతా ఇతరుల సరుకు తూచాడు. తన చేత్తో పండించిన ఒక్క టమాటానైనా, ఒకే ఒక్కదాన్ని, తూచి చూసుకోవాలని ఆశ. కోరిక చిన్నదే. దాని వెనక జరిగిన నష్టమే పెద్దది.

క్రితం చలికాలం సంగతి తీసుకోండి. పెరట్లో ఉన్న ఒక్కగానొక్క గులాబీని చలికాలం పోయేలోగా కత్తిరించాలని ఎవరో చెప్పారు. ఆయన స్కేలు పట్టుకుని వెళ్ళి, పొడుగు పొట్టి తేడాలేకుండా కొమ్మలన్నిటినీ సరిసమానంగా కోశాడు. లేతదని ఒకదానికి మినహాయింపు లేదు, ముదురుదని ఇంకోదానికి మర్యాద లేదు. న్యాయం మాత్రం సంపూర్ణంగా జరిగింది. గులాబీ కూడా అంతే నిష్పక్షపాతంగా ప్రవర్తించి, ఏ కొమ్మకూ పువ్వు పుయ్యలేదు. పక్కింటాయన, రైలింజను డ్రైవరుగా చేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి, గోడమీదినుంచి తొంగిచూసి, "ఏం సార్, గులాబీకి గుండు కొట్టించారా?" అన్నాడు.

 రైలు డ్రైవర్లకి పట్టాలు తప్ప ఏమీ తెలియవనుకున్నాడు రాళ్ళ ఆఫీసరు. వసంతం నడిచిపోయాక మాత్రం, డ్రైవరు పెరడు పువ్వులతో నిండి, తన పెరడు పుల్లలతో నిండి ఉండగా, పట్టాలు తప్పింది ఎవరో కాస్త అర్థమైంది.

ఈ ఏడు పొరపాటుకు చోటివ్వకూడదనుకున్నాడు. చలి పూర్తిగా పోకముందే ఇంట్లో, ఎండ తగిలే కిటికీ దగ్గర నారు పెంచి, మంచు పడటం ఆగాక పెరట్లో నాటాలని పేపర్లో చదివాడు. చదవగానే లేచి ఇంట్లో కిటికీల బలాబలాలు పరిశీలించాడు.

ఇల్లు మూడు గదులు, ఒకదాని వెనక ఒకటి, రైలుపెట్టెల్లా. పెరటికి చుట్టూ గోడలు. వసంతం వస్తేగానీ అక్కడ ఎండ నేలకు దిగదు. చలికాలంలో ఇంటికి సూర్యుడు వచ్చేది ముందుగది కిటికీలోంచి మాత్రమే. ఆ కిటికీ దగ్గర అప్పటికే ఒక బల్ల ఉంది. బల్ల మీద కుట్టుమిషను ఉంది. మిషను ముందు స్టూలు మీద భార్య ఉంది.

ఆమె వకీళ్ళకు నల్లగౌన్లు కుట్టేది. పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టిన పని. ఊళ్ళో కోర్టులో చాలామంది ఆమె కుట్టులోంచే చేతులు చాపి వాదించేవారు. నల్లగుడ్డ మీద నల్లదారంతో కుట్టడం కళ్ళతో చేసే పని కాదు, వెలుతురుతో చేసే పని. సూది ఎక్కడ దిగిందో గుడ్డ చెప్పదు, ఎండ చెప్పాలి. పైగా ఈ ఏడు వకీళ్ళ సంఘం కోర్టు సెలవుల తరవాత తెరిచే నాటికని సభ్యులందరి గౌన్లూ మొదటిసారిగా ఆమెకే అప్పజెప్పింది. బాగా కుదిరితే ఏటా ఆమెకే. ఒక్క గౌను తిరిగొచ్చినా, పెద్దబజారులో అద్దాల షాపువాడు ఎప్పటినుంచో నోరు తెరుచుకుని కూర్చునే ఉన్నాడు.

ఇది ఆయనకు తెలియనిది కాదు. తెలిసే చేశాడు. ఆక్రమణలన్నీ జరిగే పద్ధతిలోనే జరిగింది. మొదట ఒక ట్రే బల్ల మూల మీద, "ఒక్క రెండ్రోజులు" అంటూ వచ్చింది. దానికి తోడుగా రెండోది వచ్చింది. తరవాత ట్రేలు మూలనుంచి నడిమధ్యకు జరిగాయి.

"మధ్యలో ఎందుకండీ?" అంది భార్య.

"తనిఖీకి మూడువైపులా చోటుండాలి. దుకాణంలో త్రాసుని గోడకి ఆనించి పెడితే నేను ఒప్పుకుంటానా?"

"ఇది దుకాణం కాదు."

"నిబంధన నిబంధనే."

ఆమె ఆయన వంక చూసింది. మొదటి టమాటా గురించి ఆయన ఎన్నిసార్లు చెప్పాడో ఆమెకు గుర్తుంది. గులాబీ పుయ్యనప్పుడు పెరట్లో ఒక్కడే నిలబడి ఉండటం కూడా గుర్తుంది. నిట్టూర్చి, మిషను తల ఎత్తి వంటింట్లోకి మోసుకుపోయింది. అక్కడ చిన్న బల్ల ఉంది, పైన బల్బు ఉంది. ఎండ లేదు.

"బట్టలు కుట్టేది చీకట్లో, మట్టికి ఎండకాపు," అంది అత్తగారు, ఎవరితోనూ కాదన్నట్టు, పొయ్యితో అన్నట్టు.

విత్తనాలు నాటాక కొన్నాళ్ళు వేలితోనే సరిపెట్టుకున్నాడు. కానీ మట్టి పైన ఏమీ కనిపించకపోయేసరికి ఆయనలోని ఉద్యోగి మేలుకున్నాడు. సరుకు బస్తాలో ఉంది, బస్తా కట్టి ఉంది, లోపల ఏముందో చూడకుండా నమ్మడమెలా? ఒక ఉదయం మఖమల్ పెట్టె తెరిచి, చిమటా తీసి, ట్రేలో ఒక గుంట తవ్వి, విత్తనాన్ని పట్టుకుని బయటికి లాగాడు. వెలుతుర్లో అటూ ఇటూ తిప్పి చూశాడు. మళ్ళీ గుంటలో పెట్టి కప్పాడు. ప్రాణం కుదుటపడింది.

రేపు ఇంకోదాన్ని చూడాలి. ఎప్పుడూ ఒకదాన్నే చూడటం పక్షపాతం కదా. అంచేత వరుసగా, వంతులవారీగా, ఏ విత్తనానికీ అన్యాయం జరగకుండా ఆకస్మిక తనిఖీలు చేసుకుంటూ పోయాడు. రోజూ జరిగే పనిని ఆకస్మికం అనడంలోని ఇబ్బంది ఆయన గమనించలేదు. శాఖలో కూడా ఎవరూ గమనించరు.

ఈ తనిఖీల్లో ఒక లోపం బయటపడింది. కొన్ని విత్తనాలకు ఒక కొనన తెల్లటి పోగులాంటిది అంటుకుని ఉంది. బూజు!  తేమ ఎక్కువైనట్టుంది. వెంటనే తోలుగుడ్డ తెచ్చి, ఇత్తడి రాయిని తుడిచినంత భక్తిగా, తెల్లపోగు ఊడివచ్చేదాకా ఒక్కొక్కదాన్నీ తుడిచి, శుభ్రమైన విత్తనాన్ని మళ్ళీ పడుకోబెట్టాడు. ఆ సాయంత్రం భోజనాల దగ్గర, "సకాలంలో పట్టుకున్నాను," అన్నాడు.

"ఏం పట్టుకున్నారు?"

"బూజు. నేను చూడకపోతే మొత్తం పోయేది."

"అల్లుడుగారు ఇంట్లో ఉంటే బూజుకి కూడా దడే," అంది అత్తగారు. అది పొగడ్తే అనుకున్నాడు.

ఇలా వారాలు నడిచాయి. బజార్లో ఆయన పట్టుకున్న దొంగ రాళ్ళ సంఖ్య పెరిగింది. ట్రేల్లో మొలిచినవాటి సంఖ్య పెరగలేదు, మొలవలేదు కాబట్టి. మట్టి నల్లగా, నున్నగా, అచ్చం నల్లగౌను గుడ్డలా పడి ఉంది.

ఒక సెలవురోజు పొద్దున వకీలమ్మగారు వచ్చారు. తెల్లజుట్టు, గట్టి గొంతు. కోర్టులో ఆవిడ లేచి నిలబడితే సాక్షులు కూర్చుంటారని చెప్పుకునేవారు. తన గౌను కొలత సరిచూసుకోవడానికి అందరికంటే ముందు వచ్చారు. వంటింట్లో బల్బు కింద గౌను వేసుకుని, చేతులు చాపి, ముడిచి, "బాగుంది అమ్మాయ్, ఇంక వేసుకునే పోతాను," అంటూ ముందుగది దాటి వీధి మెట్లమీదికి వెళ్ళారు. అక్కడ ఎండ పడింది. ఆవిడ ఆగి, భుజం వంక చూసుకున్నారు.

"అమ్మాయ్, ఇలా రా. నేనేమన్నా నెమలినా?"

భార్య పరుగున వెళ్ళింది. గౌను చేతుల కుట్లన్నీ, భుజం చుట్టూ తిరిగిన కుట్టుతో సహా, నీలంగా మెరుస్తున్నాయి. బల్బు వెలుతుర్లో ముదురునీలం దారపు కండె, నల్లదారం కండె ఒక్కలా కనిపించాయి. నీలంతో కుట్టేసింది.

"కోర్టు హాల్లో ఎవరికీ కనిపించదులే. అక్కడ న్యాయమే సరిగా కనిపించదు," అన్నారు వకీలమ్మ. తరవాత గొంతు తగ్గించారు. "నా దగ్గర తేలింది కాబట్టి సరిపోయింది. ఇదే సంఘం పెద్దాయన దగ్గర తేలి ఉంటే, పనంతా అద్దాల షాపుకి పోయేది. మిగతావి కూడా ఒకసారి ఎండలో చూసుకో తల్లీ."

గౌను విప్పి ఇచ్చేసి వెళ్ళిపోయారు. ఆయన ఇదంతా చిమటా చేత్తో పట్టుకుని, నారు ట్రే మీద వంగినవాడు వంగినట్టే ఉండి చూశాడు. చిమటా కొనన ఒక టమాటా విత్తనం ఉంది.

"పెద్ద బల్బు పెట్టిస్తాను," అన్నాడు.

భార్య ఏమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఆయనకనిపించింది. తిడితే జవాబుంటుంది. ఆమె కుట్టిన గౌన్లన్నీ మోసుకొచ్చి వీధి వెలుతుర్లో ఒక్కొక్కటే తిప్పి చూసింది. ఇంకో రెండింటిలో నీలం బయటపడింది. మెట్లమీద కూర్చుని కుట్లు విప్పడం మొదలుపెట్టింది. బయట చలిగాలి, వేళ్ళు కొంకర్లు పోతుంటే లోపలికి వచ్చింది. వంటింట్లోకి వెళ్ళి వాళ్ళమ్మకి రెండు కండెలు చూపించింది.

"అమ్మా, ఇందులో నల్లదేదో చెప్పు."

"రెండూ నల్లవే. కాకపోతే రెండూ నీలమే. నా కళ్ళ సంగతి అడక్కు, నీ మొగుడు కూడా నాకు ఒక్కోసారి సన్నగా కనిపిస్తాడు."

అప్పుడామె ముందుగదిలోకి వచ్చింది. బల్ల దగ్గరికి వచ్చి, ట్రేలను కదపకుండా, వాటికి కొంగు తగలకుండా ఒళ్ళు ఒక పక్కకి వంచి, రెండు ట్రేల మధ్య పడుతున్న ఎండచారలోకి చెయ్యి చాచి కండెలు తిప్పి చూసింది. నల్లది ఏదో గుర్తుపట్టి, దానికి ముడి వేసుకుని, వచ్చినంత జాగ్రత్తగానూ వెనక్కి వెళ్ళిపోయింది. మట్టి ఒక్క రవ్వ కూడా చెదరలేదు.

ఆయన అలాగే నిలబడిపోయాడు. తూకం వేసేటప్పుడు కొందరు వ్యాపారులు సరుకు పళ్ళెం అంచు మీద బొటనవేలు ఆనిస్తారు. చూసేవాళ్ళకి అది వేలిలాగే కనిపిస్తుంది. తూకం మాత్రం అటు మొగ్గుతుంది. అలాంటి వేళ్ళను పట్టుకోవడంలో జిల్లాలోనే ఆయనకు పేరుంది. ఆ పేరు కలిగిన మనిషి ఇప్పుడు తన చేతివంక చూసుకున్నాడు. ఎండ అంతా ఏ పళ్ళెంలో పడుతోందో, ఎందుకు పడుతోందో తెలిసింది. ముద్దాయి దొరికాడు. దొరికిన ముద్దాయి చాలా గౌరవనీయుడుగా కనిపించడమే ఇబ్బంది.

సామ్రాజ్యాలు వదులుకున్నవాళ్ళు బహిరంగ సభల్లో వదులుకున్నారు. ఆయన పైజామా మీద వదులుకున్నాడు. ఒక్కొక్క ట్రే గుండెలకు హత్తుకుని, ఇంట్లో వేరే చోటుకోసం తిరిగాడు. వంటింట్లో ఖాళీ లేదు, పడకగదిలో వణికించే చలి. చివరికి స్నానాలగది పక్కన, వేడినీళ్ళ బాయిలరు పైనున్న అటక తలుపు తెరిచాడు. లోపల చీకటి, పాత పెట్టెలు. పెట్టెలు వెనక్కి నెట్టి ట్రేలు ఎక్కించాడు.

"ఏమిటి అల్లుడుగారూ, రాజ్యం వదిలేస్తున్నారా?" అంది అత్తగారు.

"ప్రజల కోరిక, అత్తయ్యగారూ."

"ప్రజలు ఏమీ అనలేదే?"

"అదే మరి."

అత్తగారు ఆ మాట విని, లేచి వెళ్ళి, దుప్పట్లు కప్పే ప్లాస్టిక్ గుడ్డ ఒకటి తెచ్చి ఇచ్చింది. "తడి ఆరిపోకుండా పైన కప్పండి. మీ బూజు సంగతి నాకు తెలీదు గానీ, కప్పితే ఆరదు." ఆయన నిండా నీళ్ళు పోసి, కప్పి, అటక తలుపు వేసి, స్టూలు దిగాడు. ఆ స్టూలు ఇంట్లో ఒక్కటే. అది మిషను ముందుది. ఆయన దిగగానే దాన్ని తుడిచి, మిషనుతోపాటు మోసుకెళ్ళి కిటికీ దగ్గర పెట్టాడు. భార్య వచ్చి చూసింది. ఎండ బల్లమీద పూర్తిగా పరుచుకుని ఉంది.

"మీ నారో?" అంది.

"దానికేం, ఎలాగూ మొలవలేదు," అన్నాడు, చాలా ఉదారంగా. లోపల మాత్రం ఏడుపొకటి గొంతుదాకా వచ్చి, ఉద్యోగ మర్యాద గుర్తొచ్చి వెనక్కి పోయింది.

ఆ మర్నాటినుంచి స్టూలు మీద భార్య పొద్దున కూర్చుంటే చీకటి పడేదాకా లేచేది కాదు. స్టూలు లేనిదే అటక అందదు, చీకటి పడ్డాక ఎక్కినా లోపల ఏమీ కనిపించదు. వేలు నిరుద్యోగి అయింది. పొద్దున్నే అలవాటుగా ముందుగదిలోకి వచ్చి, బల్ల దగ్గర గాల్లో ఆగి, భార్య చూపుకి జంకి, వెనక్కి తిరిగేది. బాధ ఆపుకోలేక ఆఫీసులో గుమాస్తా బల్లమీదున్న కుండీలో వేలు పెట్టడం మొదలుపెట్టాడు. కొన్నాళ్ళు చూసి గుమాస్తా మొహమాటంగా, "సార్, ఒక మాట. అది ప్లాస్టిక్ మొక్క సార్," అన్నాడు.

"మరి తడిగా ఉందే?"

"మీరు రోజూ చూస్తున్నారు కదా, ఎందుకైనా మంచిదని నేనే నీళ్ళు పోస్తున్నాను సార్."

ఆ సాయంత్రం ఇంటికొచ్చి పార తీసుకుని పెరట్లోకి పోయాడు. చేతులకు పని లేకపోతే ఆఫీసులో పరువు దక్కేలా లేదు. క్రితం ఏటి ఎండుకాడలు పీకాడు. చలికి గడ్డకట్టిన నేలను తవ్వాడు. పెళ్ళలు చితక్కొట్టి, మూల కుళ్ళబెట్టిన ఆకుల ఎరువు కలిపాడు. రోజూ కొంత. తనిఖీ చెయ్యడానికి అక్కడ ఏమీ లేదు, కాబట్టి పని ముందుకు సాగింది. డ్రైవరు గోడమీద మోచేతులు ఆనించి చూసేవాడు.

"ఏం సార్, నిధేమైనా దొరికిందా?"

"లేదండీ. నడుం పోయింది."

"అయితే సరిగ్గానే తవ్వుతున్నారు."

తోటపని విషయంలో ఆయన జీవితంలో విన్న మొదటి మెప్పు అది. రెండుమూడు రోజులు దాన్నే తల్చుకుని తవ్వాడు. గాలిలో చలి పదును తగ్గుతోంది. గుండు కొట్టించుకున్న గులాబీ మొదలు దగ్గర ఎర్రటి చిగురు ఒకటి కనిపించింది. స్కేలు కోసం చెయ్యి జేబులోకి పోయింది గానీ, ఆయనే దాన్ని బయటికి లాగి పార మీద పెట్టాడు.

గౌన్లు పూర్తయ్యాయి. ముందుగది నిండా తలలు లేని వకీళ్ళు వేలాడుతున్నట్టుంది. సంఘం పెద్దాయన స్వయంగా వచ్చి, తన గౌను వేసుకుని, వకీలమ్మ ముందే చెప్పి పంపినట్టు, తిన్నగా వీధి ఎండలోకి వెళ్ళి నిలబడ్డాడు. భుజం చూసుకున్నాడు, చెయ్యి చూసుకున్నాడు, వెనకవైపు మడతలు కనిపించక చుట్టూ ఒకసారి తిరిగాడు. గుమ్మంలో భార్య ఊపిరి బిగబట్టింది. ఆమె వెనక ఆయన, ఆయన వెనక అత్తగారు, అందరూ బిగబట్టారు.

"బాగుందమ్మా. వచ్చే ఏడు కూడా నువ్వే కుట్టాలి," అన్నాడు పెద్దాయన. అందరూ ఒక్కసారే ఊపిరి వదిలారు. అత్తగారికి దగ్గొచ్చింది.

గౌన్లు వెళ్ళిపోయాక స్టూలు ఖాళీ అయింది. భార్యే దాన్ని తెచ్చి అటక కింద వేసింది. "చూసుకోండి. ఎన్నాళ్ళనుంచో ఈ తలుపు వంక చూసి గుటకలు మింగుతున్నారు."

"చూడటానికేముంది, అన్నీ చచ్చే ఉంటాయి. కడిగి ట్రేలు దాచుకుందాం," అంటూ ఎక్కాడు. ఆమె స్టూలు పట్టుకుంది. తలుపు తెరిచాడు, ప్లాస్టిక్ గుడ్డ ఎత్తాడు. తల లోపలికి పెట్టి అలాగే ఉండిపోయాడు.

"ఏమైందండీ? తేలుందా?"

"మొలిచాయి," అన్నాడు. ఎవరో వింటే పారిపోతాయేమో అన్నంత చిన్నగా.

అటక మీద వెలుతురు లేదు గానీ, కింద బాయిలరుంది. టమాటా విత్తనానికి మొలవడానికి కావలసింది వెచ్చదనమే. ఎండ సంగతి తల బయట పెట్టాక చూసుకుంటుంది. తల పెట్టి కొన్నాళ్ళయినట్టుంది, పాలిపోయి, సన్నగా, పొడుగ్గా, తలుపు సందులోంచి వచ్చే వెలుతురు వైపు మెడలు చాపి, అన్నీ ఒకే దిక్కుకి వంగి ఉన్నాయి. ఒక ట్రేలో కాసిని. రెండోదాంట్లో ఏమీ లేవు.

ట్రే కిందికి దించాడు. అత్తగారు కూడా వచ్చింది. అంచున ఒక మొలక మట్టి జారి పక్కకి ఒరిగి ఉంది. దాని కింద తెల్లటి పోగు ఒకటి కనిపిస్తోంది. ఆయన చెయ్యి అలవాటుగా జేబులోని తోలుగుడ్డ వైపు వెళ్ళింది.

"దీనికి మళ్ళీ బూజు పట్టింది."

భార్య వంగి చూసింది. "బూజేమిటండీ? అది వేరు."

"వేరా?"

"మరి? మొక్క దేనిమీద నిలబడుతుంది?"

ఆయన నెమ్మదిగా స్టూలు మీద కూర్చున్నాడు. ట్రే ఒళ్ళో ఉంది. "దీన్నే నేను తుడిచేసేవాణ్ణి," అన్నాడు.

"దేన్ని?"

"దీన్ని. వచ్చినదాన్ని వచ్చినట్టు. రోజూ. తోలుగుడ్డతో."

భార్యకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. తరవాత గోడ పట్టుకుంది. ఆ చలికాలం మొత్తంలో ఆమె అంత నవ్వడం అదే మొదలు. అత్తగారు నవ్వలేదు. చాలా గంభీరంగా, "నడక రాకముందే కాళ్ళు తుడిచేశారన్నమాట," అంది. అని, దుప్పటిలో మొహం దాచుకుంది. దుప్పటి మాత్రం కదులుతూనే ఉంది.

తనిఖీ వంతు రాకముందు అటకెక్కినవే బతికాయి. రెండో ట్రే తనిఖీ పూర్తయిన ట్రే. తన ఉద్యోగ జీవితంలో ఏ వ్యాపారీ ఏ సరుకుకీ ఇంత సమగ్రంగా ద్రోహం చెయ్యలేదని ఆయన లెక్క తేల్చాడు. అలాంటివాడు బజార్లో దొరికి ఉంటే దుకాణానికి తాళం వేయించి, ఊళ్ళో దండోరా వేయించి ఉండేవాడు. తీరా దొరికింది ఇంట్లో, తన చొక్కాలోనే.

అసలు చిక్కు తరవాత మొదలైంది. ఇప్పుడు వాటికి నిజంగానే ఎండ కావాలి. బయట పెడితే తెల్లవారుజామున ఇంకా మంచు పడుతోంది. ఉన్నది ఒక్కటే కిటికీ. ఆ కిటికీ దగ్గర బల్ల మీద మిషనుంది, మిషను పక్కన కొత్త గుడ్డ అప్పుడే పరిచి ఉంది, సంఘంలో కొత్తగా చేరిన చిన్న వకీళ్ళకని.

ఆయన ట్రే పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. రాజ్యాన్ని ఒకసారి వదిలేశాక తిరిగి అడగడమెలాగో ఏ గ్రంథంలోనూ లేదు. ఒక ఒప్పందం మనసులో తయారుచేసుకున్నాడు. పొద్దుటి ఎండ నారుకి, మధ్యాహ్నం ఎండ గౌన్లకి. లేదా బల్లలో సగం. అదీ కుదరకపోతే ట్రే తనే చేతుల్తో పట్టుకుని కిటికీ దగ్గర నిలబడతాడు, సెలవు పెట్టి అయినా సరే. గొంతు సవరించుకున్నాడు.

"ఎందుకలా పరాయివాళ్ళలా గుమ్మంలో నిలబడ్డారు?" అంది భార్య, సూదిలోకి దారం ఎక్కిస్తూ, తలెత్తకుండానే.

"నీ బల్ల విషయంలో ఒక ప్రతిపాదన ఉంది. మొదటి అంశం ఏమిటంటే..."

"బల్ల ఎందుకండీ? కిటికీ గట్టు మీద పెట్టండి."

"గట్టు మీదా? మరి తనిఖీకి మూడువైపులా..."

"ఏం తనిఖీ?"

ఆయన ఆలోచించాడు.  ఒప్పందంలో మిగతా అంశాలన్నీ ఒకటొకటిగా మనసులోనే కొట్టేసుకున్నాడు. మిషను వెనకనుంచి ఒళ్ళు ఒదిగించుకుని వెళ్ళి, గుడ్డకు తగలకుండా చేతులు చాచి, ట్రేని గట్టు మీద పెట్టాడు.

ట్రే గట్టు మీద సరిపోయింది. పక్కన ఇంకో ట్రేకి చోటు మిగిలింది.